మేడికొమ్మకు కట్టిన మాయమూట

రిటైరైన వాళ్లను శిక్షణ తరగతులకు పిలిచేది వాళ్లు చెప్పేది వినడానికి కాదు, భోజనాలకు ముందు మిగిలిపోయిన కాసేపటిని నింపడానికి. ఆ సంగతి తెలిసే మొన్న వెళ్లాను. ఒక జబ్బు మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పశువులో వెతకాలా, నీళ్లలో వెతకాలా, గాలిలో వెతకాలా అని నేర్చుకుంటున్న పిల్లలు వాళ్లు. చురుకైన వాళ్లే. ప్రశ్నలు బాగానే అడిగారు. అందులో ఒకమ్మాయి లేచి, "మనం ఎంత చెప్పినా బస్తీల్లో జనం వినరు కదా మేడమ్, మన పనంతా అక్కడే చెడిపోతుంది" అంది. మిగతా వాళ్లంతా అవునవునని తలలూపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ మాట నేనూ సగం ఉద్యోగ జీవితం అన్నదాన్నే. జీపులో వెనక్కి వస్తూ, టీ తాగుతూ, పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటూ మేమందరం అనే మాట అది. అప్పుడు ఏదో గొణిగి కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మేము చెప్పింది పొల్లుపోకుండా విన్న ఒక ఇంటి సంగతి ఇది.

నేను పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది జంషెడ్‌పూర్‌లోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చాడు. కద్మాలో క్వార్టర్, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఆవును రోడ్డుకు అడ్డంగా పడుకున్నప్పుడు తప్ప దగ్గరగా చూసి ఎరగను. నా పని నీళ్లూ మట్టీ దుమ్మూ సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష చేయించడం. నాతో పాటు మనుషుల డాక్టరు ఒకాయన, పశువుల డాక్టరు ఒకాయన. శాఖలు మూడు, జీపు ఒకటి. ముందు సీటు ఎవరిదన్న దాని మీద మాకు జరిగినన్ని చర్చలు ఏ జబ్బు మీదా జరగలేదు. మనుషుల డాక్టరు గారు బెంగాలీ ఆయన, పెద్దమనిషి, చదువుతో పాటు కోపం కూడా ఎక్కువే. పశువుల డాక్టరు బిహార్ పల్లెటూరి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ నవ్వుతూ ఉండేవాడు. ఖటాళ్లలో, అంటే ఊళ్లోని పశువుల కొట్టాల్లో, అందరూ ఈయన్నే "బడే డాక్టర్ సాబ్" అనేవాళ్లు. ఆయన పక్కన నిలబడ్డ అసలు డాక్టరు గారిని "సూదులాయన" అనేవాళ్లు. దానికి ఆ బెంగాలీ ఆయన వారమంతా ముఖం ముడుచుకునేవాడు.

ఆ ఏడు చలికాలం చివర్లో మా ఊళ్లోనే మాంగో అనే పేటలో నది ఒడ్డు వైపున్న ఒక బస్తీలో జ్వరాలు మొదలయ్యాయి. తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు, ఎంతకీ దిగని జ్వరం. మలేరియా కాదు, డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు. డాక్టరు గారు తల పట్టుకుని కూర్చున్నారు. అదే రోజుల్లో పశువుల డాక్టరు మాటల్లో మాటగా, అదే బస్తీలో ఆవులు నెలలు నిండకుండానే ఈసుకుపోతున్నాయన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "ఈ రెండూ ఒకటేనేమో దాదా" అన్నది కూడా ఆయనే. మా చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ గౌరవం ఆయనకు దక్కాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దానికి ఆయన తనను తాను చాలా తిట్టుకున్నాడు.

మనుషుల రక్తం, పశువుల రక్తం ఐసు పెట్టెలో సర్ది టాటానగర్ స్టేషన్లో రైలెక్కించి దూరాన ఉన్న ల్యాబుకు పంపాం. వచ్చిన జవాబు క్యూ జ్వరం. పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు. దాని సూక్ష్మజీవి ఈనిన పశువు మాయలో, ఉమ్మనీటిలో కుప్పలుగా ఉంటుంది. ఎండినా చావదు. దుమ్ములో కలిసి గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామూలు మనిషి జ్వరపడి లేస్తాడు. కడుపుతో ఉన్న ఆడదానికి సోకితే బిడ్డ దక్కడం కష్టం.

బస్తీలో పెద్ద ఖటాల్ ఒక తెలుగు ముసలావిడది. ఇచ్ఛాపురం దాటాక ఒడిశా సరిహద్దు ఊరి మనిషి. మాటల్లో మూడు భాషలు కలిసిపోయేవి. కొడుకు పొద్దున పశువుల పని చూసుకుని, తర్వాత ఉక్కు ప్లాంటులో ఠేకా పనికి, అంటే కాంట్రాక్టు కూలికి వెళ్లేవాడు. కోడలు చిన్నపిల్ల. అంతకు ముందు ఏడు ఒక కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ నెల తప్పి సగం దారిలో ఉంది. ఆ ఇంట్లో ముసలావిడకూ కొడుక్కూ అప్పటికే జబ్బు సోకి తగ్గిపోయినట్టు రక్తం చెప్పింది. కోడలి రక్తం మాత్రం శుభ్రంగా ఉంది.

డాక్టరు గారు ఆ కాగితం చూసి మొదటిసారి నవ్వారు. "ఈ ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే మిగిలింది. ప్రసవమయ్యే దాకా దీన్ని ఇలాగే ఉంచాలి. మన పని అంతే" అన్నారు. ఆ పిల్లకు పుట్టింట్లో తల్లి లేదు. అన్న సూరత్‌లో ఎక్కడో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. పంపడానికి చోటు లేదు. ఉన్నచోటే కాపాడాలి.

ముసలావిడను కూర్చోబెట్టి చెప్పాం. హిందీలో డాక్టరు గారు చెప్పారు, తెలుగులో నేను చెప్పాను. పాలు పొంగే దాకా కాచాలి. ఈసుకుపోయిన పశువుల మాయనూ పిండాన్నీ చేత్తో ముట్టకూడదు, సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. కోడలు పశువుల దగ్గరికి వెళ్లకూడదు. కొట్టంలో పనిచేసిన వాళ్లు స్నానం చేసి బట్టలు మార్చాకే ఆ పిల్ల దగ్గరికి రావాలి. ముసలావిడ ఒక్కొక్కటీ తిరిగి నాకు అప్పజెప్పింది.

"ఆవుల కాడికి ఎల్లనివ్వద్దు. అంతే కదమ్మా? ఎల్లనివ్వను. నా కోడల్ని గుమ్మం దాటనివ్వను, నువ్వు సూడు."

కోడలు ఉంటున్న గది గోడా కొట్టం గోడా ఒక్కటే. ఇంట్లో కొట్టానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న గది ఏదని డాక్టరు గారు అడిగారు. వాకిలి దాటాక వెనక ఒక గది ఉంది, మేత సామాను పెట్టుకునేది. కిటికీ అవతల మేడిచెట్టు, మంచి నీడ. ముగ్గురం లోపలికెళ్లి చూశాం. గాలి ఆడక ఉక్కగా ఉంటే కిటికీ రెక్కలు నేనే తోసి తెరిచాను. చెట్టు మీద పైన ఎక్కడో ఒక గోనెముక్క చిక్కుకుని ఉంది. గాలికి ఎగిరొచ్చి తగులుకుందనుకున్నాను. ముగ్గురికీ గది నచ్చింది. ఆ సాయంత్రమే సామాను తీయించి, సున్నం కొట్టించి, కోడల్ని అందులోకి మార్చారు.

అలా విన్న మనిషిని నేను నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు. కోడలికి కంచం వేరు, గ్లాసు వేరు. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసినా, తల వాసన చూసి గాని ముసలావిడ లోపలికి పోనిచ్చేది కాదు. ఇరుగుపొరుగు వాళ్లు రాణీగారిని కూర్చోబెట్టిందని ఎగతాళి చేశారు. "అవును, రాణీయే. మీకేటి?" అని వాళ్ల నోళ్లు మూయించింది. కోడలు ఆ కిటికీ దగ్గరే కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది, ఫోను చూసుకునేది. నేను తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెప్పేది. "ఆంటీ, మై తో జేల్ మే హూ" అని నవ్వేది. జైలైతే ఏం, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు అనేదాన్ని నేను.

పశువుల డాక్టరు వచ్చినప్పుడల్లా, "ఈసుకుపోయిన వాటివి పాతిపెట్టారా?" అని అడిగేవాడు. ముసలావిడ ఆయన్ని గొయ్యి దాకా తీసుకెళ్లి చూపించేది. పైన తెల్లగా సున్నం, దాని మీద పెద్ద రాయి. ఆయన సంతోషపడిపోయేవాడు. ఆ మధ్యలో రెండు ఆవులు నెలలు నిండి చక్కగా ఈనాయి. దూడలు చెంగున గెంతుతున్నాయి. జబ్బు వెనక్కి తగ్గిందని మేమూ అనుకున్నాం. ముసలావిడ మాకు గిన్నెడు జున్ను పంపింది. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద వండిన జున్ను. డాక్టరు గారు ముందు సందేహించి, బాగా ఉడికింది కదా ఫరవాలేదని ఒక ముక్క తిని, తర్వాత మిగతా వాళ్ల వాటా కూడా తిన్నారు. జీపులో ముగ్గురం నవ్వుకుంటూ వచ్చాం.

ఎండలు ముదిరి లూ అనే వడగాలులు మొదలయ్యాక కోడలికి జ్వరం వచ్చింది. తలనొప్పి, దగ్గు. డాక్టరు గారు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. రక్తం తీసుకుని బయటికొచ్చి ముసలావిడ మీద విరుచుకుపడ్డారు. కోడలు కొట్టంలోకి వెళ్లకుండా ఇది రాదు, మీరు అబద్ధం చెబుతున్నారు, మీలాంటి వాళ్లకు ఎంత చెప్పినా ఇంతే అన్నారు. ఆయన హిందీ ఆమెకు బాగానే అర్థమైంది. అయినా నావైపు తిరిగింది.

"ఎల్లనేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు. ఒక్కసారి కూడా ఎల్లనేదు. ఆయనకి సెప్పు."

చెప్పాను. కానీ నేనూ నమ్మలేదు. లోపలికెళ్లి ఆ పిల్లను జ్వరంలోనే గుచ్చి గుచ్చి అడిగాను. కొత్త దూడను చూడ్డానికి వెళ్లావా, నిజం చెప్పు, అత్తగారితో అననులే అన్నాను. ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

రక్తంలో జబ్బు ఉందని తేలింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు వేసుకోదగ్గ మాత్రలు డాక్టరు గారు మొదలుపెట్టారు. ఇంట్లో జబ్బు ఎటు నుంచి వచ్చిందో తేలాలి కదా, దుమ్ము నమూనాలు తీయమని నన్ను పంపారు. నిజానికి ముసలావిడ అబద్ధాన్ని పట్టుకోవడానికే పంపారు. నేను అందుకే వెళ్లాను.

గదిలో కిటికీ గడప మీద తడి దూదితో దుమ్ము తీస్తుండగా వాకిట్లో హడావుడి వినిపించింది. ఇంకో ఆవు ఈనింది. కాసేపటికి ముసలావిడ చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, గడ్డిలో చుట్టి గోనెలో కట్టిన మూట ఒకటి పట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. కొడుకు కొమ్మ మీదికి ఎక్కి చేయి చాచాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

"ఏటమ్మా అలగ సూత్తన్నావు? మాయ కదా" అంది ముసలావిడ.

"చెట్టుకెందుకు కడుతున్నారు?"

"పాలు కారే సెట్టుకి కడితే ఆవుకి పాలు బాగా దిగుతాయి. కింద పెడితే కుక్క ముట్టదేటి? మీ యమ్మ సెప్పనేదా నీకు?"

మా అమ్మ చెప్పలేదు. కద్మా క్వార్టర్‌లో ఆ అవసరం ఎప్పుడొచ్చింది కనక.

"పాతిపెట్టమని చెప్పాం కదా పిన్నీ!"

"నువ్వు సెప్పింది ఈసుకుపోయినయి. అవన్నీ పాతీసినాను, గొయ్యి సూపించినాను కూడా. ఇది నిండు నెలల మాయమ్మా. మంచి మాయ. దీన్ని మట్టిలో పెడితే పాలు కూడా మట్టిలోకి పోవా?"

అప్పుడు తల పైకెత్తి చూశాను. ఆకుల మధ్య పాత మూటలు వేలాడుతున్నాయి. మొదటి రోజు నేను చూసిన గోనెముక్క కూడా వాటిలో ఒకటి. ఎండకు చీలిపోయి, లోపలి గడ్డి నల్లగా పొడిపొడిగా రాలుతోంది. గాలి వీచినప్పుడల్లా ఆ పొడి కిటికీలోంచి లోపలికి వస్తోంది. కిటికీ కింద మంచం. మంచం మీద ఆ పిల్ల. నా చేతిలో దూది నల్లగా ఉంది.

కిటికీ మూసి, ఆ పిల్లను లేపి ఇంటి ముందు వైపుకు తీసుకెళ్లాను. పశువుల డాక్టరుకు ఫోను చేశాను. ఆయన వచ్చి చెట్టు కింద నిలబడి పైకి చూసి, అక్కడే గాబు గట్టు మీద కూలబడ్డాడు. నోట్లో ఉన్నది ఉమ్మేశాడు. జబ్బున్న పశువు చక్కగా నెలలు నిండి ఈనవచ్చు, అయినా దాని మాయలో అంత విషమూ ఉంటుంది. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు, పిల్లలకు పాఠం చెప్పే మనిషి. వాళ్ల ఊళ్లో ఏ మాయనైనా దూరంగా గొయ్యి తీసి పడేస్తారట. "చెడ్డవాటి గురించే అడిగాను దీదీ. మంచిది పుట్టినప్పుడు ఏం చేస్తారని ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. డాక్టరు గారూ అడగలేదు. నేనూ అడగలేదు.

మూటలు దింపాలంటే ముసలావిడ ఒప్పుకోదని, గొడవ అవుతుందని సిద్ధపడ్డాం. పశువుల డాక్టరు ఆమెకు మెల్లగా సంగతి చెప్పాడు. ఆమె అంతా విని, నావైపు చూసి, "నా కోడలికి దీని నుంచేనా?" అని ఒక్క మాట అడిగింది. అవునన్నాను. "తీసీండి. అన్నీ తీసీండి. పాలు పోతే పోనీ" అంది. మాస్కులు కట్టుకుని, మూటల మీద మందునీళ్లు చల్లి తడిపి, ఒక్కొక్కటీ దింపి కాల్చాం. ఆమె కదలకుండా అక్కడే నిలబడి చూసింది.

దుమ్ములో జబ్బు ఉందని తర్వాత ల్యాబు వాళ్లు కూడా చెప్పారు. మాత్రలు మేం మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది. కాన్పుకు ఇంకా వ్యవధి ఉండగానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదు.

ఆసుపత్రి వరండాలో ముసలావిడ నేల మీద కూర్చుని ఉంది. డాక్టరు గారు ఆమె ముందుకెళ్లి నిలబడ్డారు. ఆయన చేతులు జోడించడం నేను చూసింది అదొక్కసారే. ముసలావిడ తలెత్తి ఆయనకు హిందీలో చెప్పబోయి, మాట రాక తెలుగులోనే చెప్పింది.

"ఎల్లనివ్వద్దన్నావు బాబూ. ఎల్లనివ్వనేదు. నువ్వు సెప్పినట్టే సేసినాను. నాను అబద్దం ఆడనేదు."

ఆమె మమ్మల్ని నిందించడం లేదు. అంత దుఃఖంలోనూ, అబద్ధం చెప్పావని ఆయన అన్న మాటకు జవాబు చెప్పుకుంటోంది. దాన్ని హిందీలోకి మార్చి ఆయనకు చెప్పాల్సిన పని నా మీద పడింది. చెప్పాను. ఆయన వరండా చివరికి నడిచి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడిపోయారు.

ఆ తర్వాత ఆ బస్తీ అంతా మళ్లీ రక్తపరీక్షలు చేశాం. ముసలావిడే ఇంటింటికీ తిరిగి, రానివాళ్లను కేకలేసి వరసలో నిలబెట్టింది. తెలుగు వాళ్ల ఇళ్లన్నిటికీ వెళ్లి చెట్ల మీది మూటలు దింపించింది. ఆ ఏడు మా నివేదికలో ప్రజల సహకారం చాలా బాగుందని రాశారు. పైవాళ్లు మెచ్చుకున్నారు. పశువుల డాక్టరు ఆ రోజు నుంచి ఏ ఊళ్లో ఏ కొట్టంలో అడుగుపెట్టినా మొట్టమొదట, పశువు బాగా ఈనినప్పుడు మీరేం చేస్తారని అడిగేవాడు. తర్వాతే మిగతావి. పిల్లలూ, మీరూ అలాగే అడగండి. జనం వినరన్న మాట నోటికి వచ్చినప్పుడు, మనం చెప్పింది సరిగ్గా ఎంతవరకో ఒకసారి చూసుకోండి. వాళ్లు అంతవరకే వింటారు, అంతవరకూ వింటారు.

రక్తపరీక్షల రోజున మేం ముగ్గురం ఆ ఇంటికి కూడా వెళ్లాం. కోడలు వాకిట్లో నిలబడి ఉంది, బాగా చిక్కిపోయింది. సూది గుచ్చుతుంటే చేయి కదల్చలేదు. మేం సంచులు సర్దుకుని లేస్తుండగా మెల్లగా అడిగింది.

"అబ్ మై కహా బైఠూ, ఆంటీ?"

ఇప్పుడు నేనెక్కడ కూర్చోను అని. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఒకవైపు కొట్టం, ఒకవైపు మేడిచెట్టు, మధ్యలో వాకిలి. గాలి వీస్తూనే ఉంది. నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయన పశువుల డాక్టరు వైపు చూశారు. ముసలావిడ మేం ఏం చెబుతామా అని, చెప్పగానే చేయడానికి, గింజల చేట పక్కనబెట్టి లేచి నిలబడింది.